చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? పాత ఆటోమేటిక్ గేర్‌బాక్స్ విప్పే ముందు తేల్చుకోవాల్సింది ఇదే

ప్రశ్న: మా కారుకు పదహారేళ్లు. నాలుగు గేర్ల ఆటోమేటిక్, ఇంజిన్ పవర్ ముందు చక్రాలకు వెళ్లే రకం. 1,62,000 కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్నే స్టార్ట్ చేసి డీలో వేస్తే రెండు మూడు సెకన్ల దాకా కదలదు, తర్వాత ఒక్క కుదుపుతో పట్టుకుంటుంది. పది నిమిషాలు నడిచాక ఆ ఇబ్బంది ఉండదు. కానీ రెండు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు అప్పుడప్పుడు ఇంజిన్ రేస్ అయి, ఆ తర్వాత గేరు పడుతోంది. ట్రాఫిక్‌లో బాగా వేడెక్కిన రోజున ఇది ఎక్కువ. ఇవికాక 65, 70 వేగంలో కాలు తేలిగ్గా ఉంచి పోతుంటే గతుకుల రోడ్డు మీద వెళ్తున్నట్టు సన్నటి వణుకు. ఒక మెకానిక్ గేర్‌బాక్స్ విప్పాల్సిందే అంటున్నారు. ఇంకొకాయన ఆయిల్ మారిస్తే చాలంటున్నారు. మూడో ఆయనేమో ఇన్నేళ్లూ మార్చని ఆయిల్ ఇప్పుడు మారిస్తే ఉన్నది కాస్తా పోతుందంటున్నారు. ఎవరి మాట వినాలి? ఇంకెన్నాళ్లు నడుస్తుంది?

సమాధానం: ఏ ఇబ్బంది చల్లగా ఉన్నప్పుడు వస్తోందో, ఏది వేడెక్కాక వస్తోందో విడదీసి రాశారు. సగం పని అక్కడే అయిపోయింది. మీ బండిలో ఉన్నది ఒక లోపం కాదు, మూడు. ఒకటి చల్లగా ఉన్నప్పుడే కనిపిస్తోంది, ఒకటి వేడి మీద ముదురుతోంది, ఇంకొకటి ఒక వేగంలోనే వస్తోంది. మీకు సలహా ఇచ్చిన ముగ్గురూ తలా ఒకదాన్ని పట్టుకుని మాట్లాడుతున్నారు, అందుకే వాళ్ల మాటలు కలవడం లేదు.

ఆటోమేటిక్‌లో ప్రతి గేరూ ఆయిల్ ప్రెజర్‌తోనే పడుతుంది. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ లోపలి పంపు ఆయిల్‌ను తోస్తుంది. వాల్వ్ బాడీ ఆ ఆయిల్‌ను ఏ గేరు కావాలో ఆ క్లచ్ ప్యాక్‌కు, అంటే క్లచ్ ప్లేట్ల దొంతరకు, మళ్లిస్తుంది. అక్కడి పిస్టన్ కదిలి ప్లేట్లను ఒకదానికొకటి అదుముతుంది. పిస్టన్ అంచున రబ్బరు సీలు ఉంటుంది. ఏళ్ల తరబడి వేడి ఆయిల్‌లో నానిన రబ్బరు గట్టిపడుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ సీలు గోడకు ఆనదు, ఆయిల్ పక్కనుంచి జారిపోతుంది, పిస్టన్ కదలడానికి సమయం పడుతుంది. వేడెక్కాక రబ్బరు కాస్త మెత్తబడి ఆనుతుంది. పది నిమిషాలయ్యాక మీ బండి మామూలైపోవడానికి కారణం చాలావరకు ఇదే.

చాలావరకు అన్నాం కదా, అక్కడే ఒక పరీక్ష మిగిలి ఉంది. రాత్రంతా ఆగిన బండిలో టార్క్ కన్వర్టర్‌లోని (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఆయిల్ కొంత సంప్‌లోకి (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దిగిపోయినా ఇలాంటి ఆలస్యమే వస్తుంది. రేపు పొద్దున్న స్టార్ట్ చేశాక హ్యాండ్ బ్రేకు వేసి, బ్రేకు పెడల్ మీద కాలుంచి, గేరు ఎన్‌లో పెట్టి ఒక నిమిషం అలాగే వదిలేయండి. పీలో వద్దు, కొన్ని పాత గేర్‌బాక్సుల్లో పీలో ఉండగా కన్వర్టర్‌కు ఆయిల్ వెళ్లదు. నిమిషం తర్వాత డీలో వేయగానే పట్టుకుంటే అది ఆయిల్ దిగిపోవడమే. దాంతో భయం లేదు, రోజూ ఆ నిమిషం ఆగితే సరిపోతుంది. నిమిషం ఆగినా ఆలస్యం తగ్గకపోతే డీకీ ఆర్‌కీ విడివిడిగా సెకన్లు లెక్కపెట్టండి. ఆర్ వెంటనే పట్టి డీ ఒక్కటే ఆలస్యమైతే ముందుకు నడిపే క్లచ్ సీలు. రెండూ ఆలస్యమైతే సీలును అనుమానించే ముందు ఆయిల్ తక్కువగా ఉందా, ఫిల్టర్ మూసుకుపోయిందా, పంపు ప్రెజర్ తగ్గిందా చూడాలి. చాలా జపాన్ కార్ల సర్వీస్ మాన్యువళ్లు ఇంజిన్ వేడిగా ఉండగా ఎన్ నుంచి డీకి 1.2 సెకన్లు, ఎన్ నుంచి ఆర్‌కు 1.5 సెకన్లు దాటకూడదంటాయి. చల్లగా ఉన్నప్పుడు దానికి కొంచెం ఎక్కువైనా కంగారు పడక్కర్లేదు. మూడు సెకన్లంటే మాత్రం ఎక్కువే.

ఆ మూడు సెకన్లలో యాక్సిలరేటర్ తొక్కొద్దు. గేరు పట్టుకోకముందే ఇంజిన్ వేగం పెంచితే, పట్టుకునే క్షణంలో ఆ దెబ్బంతా క్లచ్ ప్లేట్ల మీద పడుతుంది. బ్రేకు మీద కాలుంచి, బండి పట్టుకున్నట్టు చిన్న కుదుపు తెలిశాకే కదలండి. గట్టిపడిన సీళ్లతోనే జాగ్రత్తగా నడిపితే ఏళ్లు వచ్చిన బండ్లున్నాయి. దీన్ని ఒక్కదాన్నే పట్టుకుని గేర్‌బాక్స్ విప్పమని మేం చెప్పం.

ఇక రెండు నుంచి మూడుకు మారేటప్పుడు రేస్ అవడం. మీ మూడు లోపాల్లో ఆలోచించాల్సింది దీని గురించే. ఈ మార్పిడిలో పాత గేరును పట్టి ఉంచినది వదలాలి, కొత్త గేరు క్లచ్ పట్టాలి, రెండూ ఒకే లిప్తలో జరగాలి. వదిలేది ముందే వదిలేసి, పట్టేది ఆలస్యంగా పడితే మధ్యలో ఇంజిన్‌కు ఏ బరువూ ఉండదు, అందుకే రేస్ అవుతుంది. వేడిగా ఉన్నప్పుడే ఎక్కువన్నారు. వేడి ఆయిల్ పల్చబడుతుంది, పల్చబడిన ఆయిల్ అరిగిన సందుల్లోంచి సులువుగా కారిపోతుంది. ఆ సందులు ఎక్కువగా వాల్వ్ బాడీలో ఉంటాయి. అల్యూమినియం రంధ్రాల్లో వాల్వులు లక్షల సార్లు ముందుకూ వెనక్కూ ఆడి ఆ రంధ్రాలను అరగదీస్తాయి. కరెంటుతో పనిచేస్తూ ఆయిల్ ప్రెజర్‌ను అదుపు చేసే వాల్వు, అంటే ప్రెజర్ కంట్రోల్ సోలెనాయిడ్, మురికిపట్టినా ఇదే ఫలితం. అంటే చల్లటి లోపం సీళ్ల వైపు వేలు చూపిస్తే, వేడి మీద ముదిరే లోపం వాల్వ్ బాడీ వైపు, సోలెనాయిడ్ల వైపు చూపిస్తుంది. ఈ రెండోవాటిని చాలా కార్లలో గేర్‌బాక్స్ దించకుండానే, సంపో పక్క కవరో విప్పి బయటికి తీయవచ్చు. "విప్పాల్సిందే" అన్న మెకానిక్‌ను ముందు ఈ సంగతే అడగండి: గేర్‌బాక్స్ దించాలా, వాల్వ్ బాడీ తీస్తే చాలా?

అయితే రేస్ అవుతుండగా నడుపుతూ పోతే వాల్వ్ బాడీ జబ్బు క్లచ్ ప్లేట్ల జబ్బుగా మారుతుంది. ప్లేట్ల మీది ఘర్షణ పొర మిల్లీమీటరు మందం కూడా ఉండదు, జారిన ప్రతిసారీ అది కాలుతుంది. కాలిన పొడి ఆయిల్‌లో కలిసి మళ్లీ వాల్వ్ బాడీకే చేరుతుంది. గేర్‌బాక్స్ కంప్యూటర్ కూడా ఈ జారుడును గమనించి ప్రెజర్ పెంచుకుంటూ సర్దుకుంటుంది. ఆ సర్దుబాటుకు హద్దు ఉంది. హద్దు దాటాకే మనకు రేస్ అవడం తెలుస్తుంది. అంటే మీకు తెలిసేసరికి లోపం కొంతకాలంగా ఉందన్న మాట. రేస్ అయినప్పుడు కాలు వదలండి, తొక్కొద్దు. బండి మూడులోకి పడ్డాక మళ్లీ మెల్లగా తొక్కండి.

మూడోది, 65-70 దగ్గర వణుకు. ఇది వినడానికి భయంగా ఉంటుంది గానీ మూడింటిలో తేలిగ్గా లొంగేది ఇదే. నిలకడ వేగంలో టార్క్ కన్వర్టర్ లోపల, ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌తో నేరుగా కలిపే లాకప్ క్లచ్ పడుతుంది. ఆయిల్‌లో ఈ క్లచ్ నునుపుగా పట్టుకునేందుకు కలిపే రసాయనాలు ఏళ్ల మీద అరిగిపోతాయి. అప్పుడు క్లచ్ పట్టీ పట్టనట్టు క్షణానికి ఎన్నోసార్లు జారుతుంది, అదే ఆ సన్నటి వణుకు. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, వెనక బండ్లు లేవని చూసుకుని, వణుకు వస్తుండగా యాక్సిలరేటర్ అలాగే ఉంచి ఎడమ కాలితో బ్రేకును ముట్టీ ముట్టనట్టు ఒక్కసారి తాకండి. బ్రేకు లైటు స్విచ్ పడితే కంప్యూటర్ లాకప్‌ను వదిలేస్తుంది. ఇంజిన్ ఆర్‌పీఎం రెండు మూడు వందలు పెరిగి వణుకు ఠక్కున ఆగితే తేలిపోయినట్టే. ఆగకపోతే గేర్‌బాక్స్‌ను వదిలేసి స్పార్క్ ప్లగ్గులు, కాయిళ్లు, ఇంజిన్ మౌంటింగులు, డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటు చూడండి. ఒక సిలిండర్ సరిగ్గా మండకపోతే వచ్చే వణుకు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. దాన్ని గేర్‌బాక్స్ మీదికి నెట్టి వేలకు వేలు పోసినవాళ్లు తక్కువమందేమీ కారు.

ఇప్పుడు ఆయిల్ దగ్గరికి వద్దాం, మీ ముగ్గురు సలహాదారుల గొడవంతా దాని మీదే కాబట్టి.

ముందు లెవెల్ సరిగ్గా చూడండి. సమతలంగా ఉన్న చోట, కనీసం అరగంట నడిపిన బండిలో చూడాలి. బ్రేకు నొక్కి పీ నుంచి ఎల్ దాకా ఒక్కో స్థానంలో రెండు మూడు సెకన్లు ఆగుతూ వెళ్లి మళ్లీ పీకి రండి. ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి డిప్‌స్టిక్ తీసి, పీచు రాలని గుడ్డతో తుడిచి, మళ్లీ దించి చూడండి. 'హాట్' గీతల మధ్య ఉండాలి. ఇది చాలా కార్లకు పద్ధతి, అన్నింటికీ కాదు. హోండాల్లో చాలావాటికి ఇంజిన్ ఆపి, నిమిషం నుంచి నిమిషంన్నర లోపు చూడాలి. పాత క్రైస్లర్లలో కొన్నింటికి ఎన్‌లో పెట్టి చూడాలి. డిప్‌స్టికే లేని వాటిలో అడుగున ఓవర్‌ఫ్లో బోల్టు ఉంటుంది. తయారీదారు చెప్పిన ఉష్ణోగ్రతలో, మామూలుగా 35-45 డిగ్రీల మధ్య, అది తెరిచి, కారే ఆయిల్ సన్నటి ధారగా మారే చోట లెవెల్ నిలపాలి. అలాంటి వాటిలో కింది బోల్టు విప్పే ముందు పైన నింపే బోల్టు కదులుతుందో లేదో చూసుకోవాలి. కింది ఆయిల్ పారబోశాక పై బోల్టు రాకపోతే బండి అక్కడే కూర్చుంటుంది.

రెండు గీతలకూ మధ్య తేడా చాలా గేర్‌బాక్సుల్లో అర లీటరుకు అటూ ఇటూ మాత్రమే. ఎక్కువ పోసినా తప్పే. పైకొచ్చిన ఆయిల్‌ను తిరిగే గేర్లు చిలికి నురగ చేస్తాయి. నురగలో గాలి, గాలికి ప్రెజర్ నిలవదు, మళ్లీ జారుడే. లెవెల్ తక్కువుంటే అది ఎక్కడికో పోయి ఉండాలి, ఇంజిన్ ఆయిల్‌లా మండి పోయేది కాదిది. సంప్ గాస్కెట్, డ్రైవ్ షాఫ్ట్ సీళ్లు, గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచేందుకు రేడియేటర్ లోపలి కూలర్‌కు వెళ్లే పైపుల కొసలు చూడండి. వాక్యూమ్ మాడ్యులేటర్ (ఇంజిన్ పీల్పును బట్టి గేరు మార్పిడిని సర్దే భాగం) ఉన్న బాగా పాత బండ్లలో దాని లోపలి డయాఫ్రం చిరిగితే ఆయిల్ ఇంజిన్‌లోకి పీల్చుకుపోతుంది. ఎక్కడా కారకుండా ఆయిల్ తగ్గి, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వస్తే ఆ వాక్యూమ్ గొట్టం పీకి లోపల తడి ఉందేమో చూడండి.

లెవెల్ చూశాక ఒక చుక్క తెల్లటి టిష్యూ కాగితం మీద వేసి పది నిమిషాలు వదిలేయండి. ఎర్రటిదో లేత గోధుమ రంగుదో చుక్క అంచుల దాకా ఒకేలా పాకితే ఆయిల్ ఇంకా పనికొచ్చేదే. గోధుమ రంగు ముదిరినా మాడు వాసన లేకపోతే అది వయసు, జబ్బు కాదు. మధ్యలో నల్లటి మచ్చ నిలిచిపోయి, అంచుకు పల్చటి నీటి వలయం మాత్రమే పాకి, వేళ్ల మధ్య రుద్దితే సన్నటి ఇసుకలా తగిలి, మాడిపోయిన వాసన వస్తే ప్లేట్లు కాలాయి. గులాబి రంగు మిల్క్‌షేక్‌లా కనిపిస్తే బండి స్టార్ట్ చేయొద్దు. రేడియేటర్ లోపలి కూలర్ పగిలి కూలెంట్ ఆయిల్‌లో కలిసిందని అర్థం. కూలెంట్ తగిలితే ప్లేట్ల పొరను ఉక్కుకు అతికించిన జిగురు వదిలేస్తుంది.

"మార్చని ఆయిల్ మారిస్తే గేర్‌బాక్స్ పోతుంది" అన్న మాట అన్ని వర్క్‌షాపుల్లోనూ వినిపిస్తుంది. పూర్తిగా పుక్కిటి పురాణం కాదు, అలాగని నిజమూ కాదు. చాలామంది ఆయిల్ మార్చేది గేరు జారడం మొదలయ్యాకే. కాలిన ప్లేట్లు ఆయిల్ మార్చినా కాలినవే, నాలుగు రోజుల్లో పోతాయి, నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. పాత ఆయిల్‌లో తేలే ఘర్షణ పొడి జారే ప్లేట్లకు కాస్త పట్టు ఇస్తుందన్నదీ, కొత్త ఆయిల్ లోపలి జిడ్డును ఊడగొట్టి సన్నటి దారులకు అడ్డం వేయగలదన్నదీ నిజమే. అందుకే మెషీన్ పెట్టి ప్రెజర్‌తో ఫ్లష్ చేయించడం మీ వయసు గేర్‌బాక్స్‌కు వద్దంటే వద్దు. సంప్‌లో ఉన్నంత దించి, అంతే పోసే పద్ధతి వేరు, అది నెమ్మదిగా శుభ్రం చేస్తుంది.

ఆ లెక్క ఇలా ఉంటుంది. మీ గేర్‌బాక్స్ మొత్తం 8 లీటర్లు పట్టి, సంప్ నుంచి 3.5 లీటర్లే దిగుతుందనుకోండి, మిగతాది కన్వర్టర్‌లో, పైపుల్లో ఉండిపోతుంది. ఒకసారి మారిస్తే లోపల కొత్తది 44 శాతం. 500 కిలోమీటర్లు నడిపి మళ్లీ చేస్తే 68 శాతం. మూడోసారికి 82 శాతం. అంతకు మించి చేస్తే ఖర్చుకు తగ్గ లాభం ఉండదు. మొదటిసారి సంప్ విప్పి ఫిల్టర్ మార్చండి, తర్వాతి రెండుసార్లకు డ్రెయిన్ బోల్టు చాలు. ప్రతి మార్పు తర్వాత వణుకు ఎంత తగ్గింది, రేస్ అవడం పెరిగిందా తగ్గిందా గమనించండి. రేస్ అవడం పెరిగితే అక్కడే ఆపేయండి.

సంప్ విప్పేటప్పుడు ఆయిల్ గోరువెచ్చగా ఉండాలి, కాలేంత వేడిగా కాదు. బండి జాక్ మీద కాకుండా స్టాండ్ల మీద నిలబడాలి. దిగిన ఆయిల్‌ను కొలపాత్రలో పట్టండి, తిరిగి పోయాల్సింది అంతే. సంప్ అడుగున అయస్కాంతాలుంటాయి, వాటిని తుడిచేయకుండా ముందు చూడండి, గేర్‌బాక్స్ ఆరోగ్యం అక్కడ రాసి ఉంటుంది. బూడిద రంగు మెత్తటి పేస్టు, వేలితో తీస్తే కాటుకలా వస్తే మామూలు అరుగుదల. గుచ్చుకునే ఉక్కు రేకలు కనిపిస్తే గేర్లో బేరింగులో పగులుతున్నాయి. అయస్కాంతానికి అంటని పసుపు పచ్చటి తునకలు బుష్షులవి. సంప్ మూలల్లో నల్లటి రవ్వలు పోగైతే అవి ప్లేట్ల పొర. ఇవి కనిపిస్తే ఆయిల్ కొత్తది పోసి మోసపోకండి.

ఫిల్టర్ దగ్గర తరచూ జరిగే తప్పు ఒకటుంది. పాత ఫిల్టర్ మూతికి ఉన్న ఓ-రింగ్ పైన రంధ్రంలోనే అతుక్కుపోతుంది. దాన్ని చూసుకోకుండా కొత్తది తొడిగితే సరిగ్గా కూర్చోదు, పంపు ఆయిల్‌తో పాటు గాలి పీలుస్తుంది, సర్వీస్ అయిన మర్నాటి నుంచి కూత మొదలవుతుంది. టార్చి వేసి చూసి పాత రింగు బయటికి తీశాకే కొత్త ఫిల్టర్ పెట్టాలి. సంప్ బోల్టులు చిన్నవి, కేసింగ్ అల్యూమినియం. బిగింపు చాలావాటికి 5 నుంచి 10 న్యూటన్ మీటర్ల మధ్యే ఉంటుంది. చేతి బలంతో లాగి బిగిస్తే మరలు ఊడొస్తాయి. కార్కు గాస్కెట్‌కు సీలెంట్ పూయొద్దు, నలిగి పక్కకు జారుతుంది, పైగా ఊడిన సీలెంట్ తునక ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది.

ఏ ఆయిల్ పోయాలన్నదాంట్లో రాజీ వద్దు. డిప్‌స్టిక్ మీదో ఓనర్ మాన్యువల్‌లోనో రాసిన స్పెసిఫికేషన్‌దే పోయాలి. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్, అంటే ఈ గేర్‌బాక్స్ ఆయిల్) నూనె మాత్రమే కాదు, ప్లేట్లు ఎంత పట్టుతో, ఎంత నునుపుగా కలవాలో నిర్ణయించేది అదే. ఒకప్పుడు ఈ నునుపు కోసం తిమింగలం నూనె వాడేవారు. అమెరికాలో 1970ల మొదట్లో దానిపై నిషేధం వచ్చాక కొత్త రసాయనాలకు మారాల్సి వచ్చింది. ఆయిల్ తేడా ఎంత దూరం తీసుకెళ్తుందో 1989 మోడళ్లలో వచ్చిన క్రైస్లర్ ఏ604 చూపించింది. సొంత ఏటీఎఫ్ కోసం చేసిన ఆ గేర్‌బాక్స్‌లో అది దొరక్కపోతే డెక్స్‌రాన్ (జనరల్ మోటార్స్ రకం ఏటీఎఫ్) పోయొచ్చని రాశారు, పోసిన బండ్లలో వణుకు, గేరు మార్పిడి ఫిర్యాదులు వచ్చిపడ్డాయి. "అన్ని కార్లకూ సరిపోతుంది" అని రాసిన డబ్బా కంటే మీ కారు స్పెసిఫికేషన్ పేరు స్పష్టంగా ఉన్న డబ్బా ఎప్పుడూ మేలు. జారుడు ఆపుతాయంటూ ఆయిల్‌లో కలపడానికి అమ్మే చిక్కటి మందులు, సీళ్లను ఉబ్బించే మందులు వద్దు. ఉబ్బిన సీలు కొన్నాళ్లు ఆనుతుంది, తర్వాత మెత్తబడి చిరుగుతుంది.

ఆయిల్‌తో పాటే, కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టించండి. చెక్ ఇంజిన్ లైటు వెలగకపోయినా పాత కోడ్లు దాగి ఉంటాయి. పి0700 వస్తే గేర్‌బాక్స్ కంప్యూటర్ దగ్గర ఇంకో కోడ్ ఉందన్న కబురు మాత్రమే, అక్కడితో ఆగకూడదు. పి0741 లాకప్ సరిగ్గా పట్టడం లేదంటుంది, మీ వణుక్కి సరిపోయేది ఇదే. పి0730 నుంచి పి0735 దాకా గేరు నిష్పత్తి తప్పిందని, అంటే జారుతోందని. పి0715, పి0720 గేర్‌బాక్స్‌లోకి శక్తి తెచ్చే, బయటికి ఇచ్చే షాఫ్టుల స్పీడ్ సెన్సర్లు. పి0750, పి0755 గేరు మార్చే షిఫ్ట్ సోలెనాయిడ్లు. సోలెనాయిడ్ కోడ్ వచ్చిందని వెంటనే సోలెనాయిడ్ కొనకండి. ముందు గేర్‌బాక్స్ పక్కనున్న పెద్ద కనెక్టర్ ఊడదీసి పచ్చటి తుప్పో, ఆయిల్ తడో ఉందేమో చూడాలి. మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ కొలవాలి. ఆన్-ఆఫ్ రకం షిఫ్ట్ సోలెనాయిడ్లు చాలావాటిలో 11 నుంచి 15 ఓమ్‌లు, ప్రెజర్ కంట్రోల్‌వి 3 నుంచి 6 ఓమ్‌లు చూపిస్తాయి. మీ మోడల్ మాన్యువల్ అంకెలే ఆఖరి మాట.

గేర్‌బాక్స్ బయటి కారణాలూ ఇక్కడే తేల్చుకోవాలి. థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ తప్పుడు విలువ చెప్తే కంప్యూటర్ ప్రెజర్ తప్పుగా లెక్కేస్తుంది. థ్రాటిల్ నుంచి గేర్‌బాక్స్‌కు కేబుల్ ఉన్న పాత బండ్లలో ఆ కేబుల్ సాగితే ప్రెజర్ పడిపోయి మూడో గేరు క్లచ్ కాలుతుంది, ఇంత చిన్న సంగతికి గేర్‌బాక్సులు పోయాయి. బలహీనమైన బ్యాటరీ, తుప్పు పట్టిన ఎర్త్ వైరు కూడా గేరు మార్పిడిని పిచ్చి పట్టిస్తాయి. గేరు పడేటప్పుడు ధడ్ మంటుంటే ఇంజిన్ మౌంటింగులు, ఐడిలింగ్ వేగం ముందు చూడాలి.

ఇవన్నీ అయ్యాక కూడా లోపం లోపలిదా, కరెంటు వైపుదా అన్న అనుమానం మిగిలితే మెకానిక్ చేత ఒక పరీక్ష చేయించండి. షిఫ్ట్ సోలెనాయిడ్ల కనెక్టర్ ఊడదీసి, ఖాళీ స్థలంలో లీవర్‌తో ఎల్, 2, డీ చేతితో మారుస్తూ నడపాలి. అప్పుడు ఒక్కో స్థానంలో ఒక్క గేరే ఉంటుంది, ఏ స్థానంలో ఏ గేరో మాన్యువల్‌లో ఉంటుంది. కంప్యూటర్ ప్రమేయం లేకపోయినా ఆ గేరులో బండి లాగకుండా ఇంజిన్ రేస్ అవుతుంటే లోపలి క్లచ్‌దే తప్పు. గట్టిగా లాగుతుంటే అనుమానం సోలెనాయిడ్లు, వాల్వ్ బాడీ, వైరింగ్ మీదికి వెళ్తుంది. దీంతో పాటు కేసింగ్ మీది ప్లగ్గు విప్పి గేజ్ పెట్టి లైన్ ప్రెజర్ (పంపు నుంచి వచ్చే ఆయిల్ ప్రెజర్) కొలిపించండి, చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి. వేడిగా ఉన్నప్పుడు మాన్యువల్ చెప్పిన హద్దు కంటే కిందికి పడితే కారణం దొరికినట్టే. స్టాల్ టెస్ట్ మాత్రం మీ బండికి వద్దు. బ్రేకు నొక్కి పూర్తిగా యాక్సిలరేటర్ తొక్కే ఆ పరీక్ష అయిదు సెకన్లలో కూడా బలహీనమైన క్లచ్‌ను కాల్చేయగలదు.

కూలర్‌ను నిర్లక్ష్యం చేయొద్దు. ఏటీఎఫ్ మామూలుగా 80-95 డిగ్రీల దగ్గర ఉండాలి. ప్రతి పది డిగ్రీల పెరుగుదలకూ ఆయిల్ ఆయుష్షు సుమారు సగమవుతుంది. 120 దాటితే జిగట పొరలా మారి వాల్వులకు అంటుకుంటుంది. మీకు ట్రాఫిక్‌లోనే లోపం ముదురుతోంది కాబట్టి రేడియేటర్ లోపల ఉప్పు పట్టిందా, ఫ్యాను సరిగ్గా తిరుగుతోందా చూసుకోండి. స్కానర్‌లో ఏటీఎఫ్ ఉష్ణోగ్రత కనిపిస్తే ట్రాఫిక్‌లో అరగంట గమనించండి. 100 దాటి నిలబడుతుంటే ముందుభాగంలో గాలి తగిలే చోట అదనపు కూలర్ పెట్టించడం మంచిది. ఆయిల్ ముందు రేడియేటర్‌లోని కూలర్‌కు, తర్వాత కొత్త కూలర్‌కు వెళ్లి, అక్కడి నుంచి గేర్‌బాక్స్‌కు తిరిగి రావాలి.

మీ బండి విషయంలో మా అభిప్రాయం సూటిగా: మాడు వాసన లేకపోతే, సంప్‌లో నల్లటి రవ్వలు లేకపోతే, ఆయిల్, ఫిల్టర్ మార్చి మూడు దఫాలు పూర్తి చేయండి. వణుకు చాలావరకు పోతుంది, పొద్దుటి ఆలస్యం అంతగా మారదు. బ్యాటరీ తీసినా, సోలెనాయిడ్ మార్చినా కంప్యూటర్ కొత్తగా నేర్చుకోవాలి, 50-100 కిలోమీటర్లు మెత్తగా నడిపి అప్పుడు తీర్పు చెప్పండి. రేస్ అవడం అలాగే ఉంటే వాల్వ్ బాడీ, ప్రెజర్ కంట్రోల్ సోలెనాయిడ్ పని చేయించండి. ఆ తర్వాతా జారితేనో, నల్లటి రవ్వలు కనిపిస్తేనో గేర్‌బాక్స్ దించాలి.

దించితే సగం పని చేయించొద్దు. కాలిన ఒక్క క్లచ్ ప్యాక్ మార్చి మూసేస్తే మిగతా పదహారేళ్ల సీళ్లు ఆరు నెలల్లో మళ్లీ దించేలా చేస్తాయి. అన్ని ఘర్షణ ప్లేట్లు, స్టీలు ప్లేట్లు, పిస్టన్ సీళ్లు, పంపు బుష్షు, ముందు సీలు కలిపి పూర్తి కిట్ వేయాలి. కన్వర్టర్ మార్చాలి, లేదా కోసి రిపేరు చేసింది పెట్టాలి, దాని లోపలి చెత్తను కడిగి తీయడం కుదరదు. కూలర్‌ను, పైపులను ఫ్లష్ చేయాలి. ఫ్లష్ వద్దన్న మేమే ఇక్కడ చేయమంటున్నాం, ఎందుకంటే పాత గేర్‌బాక్స్ కక్కిన రవ్వలు కూలర్‌లో కూర్చుని కొత్త ప్లేట్లలోకి వచ్చేస్తాయి. బిల్లులో ఇవన్నీ విడివిడిగా రాయించుకోండి.

ఎన్నాళ్లన్నదానికి అంకె చెప్పలేం గానీ, ఆయిల్ 40-50 వేల కిలోమీటర్లకోసారి మార్చుకుంటూ, వేడెక్కనివ్వకుండా నడిపిన నాలుగు గేర్ల గేర్‌బాక్సులు 3 లక్షల కిలోమీటర్లు దాటడం అరుదేమీ కాదు. "జీవితకాలం ఆయిల్ మార్చక్కర్లేదు" అన్న మాటను పాత బండికి వర్తింపజేయకండి. బండి పూర్తిగా ఆగకముందే ఆర్ నుంచి డీకి లాగడం, ఎత్తు మీద బ్రేకు బదులు యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టడం మానేయండి. పల్లంలో ఎన్‌లో వేసి దొర్లించొద్దు, పెట్రోలు మిగలదు, మళ్లీ డీలో వేసేటప్పుడు దెబ్బ మాత్రం క్లచ్‌కు తగులుతుంది. వాలులో ఆపేటప్పుడు ముందు హ్యాండ్ బ్రేకు, తర్వాత పీ. లేకపోతే బండి బరువంతా పార్కింగ్ పాల్ అనే చిన్న ఉక్కు పంటి మీద పడుతుంది. బరువుతో ఎత్తు ఎక్కుతుంటే గేరు మూడు-నాలుగు మధ్య ఊగిసలాడకుండా ఓవర్‌డ్రైవ్ (నాలుగో గేరు) ఆపేయండి.

ఎప్పుడైనా దారిలో ఆగిపోతే మీ బండిని ముందు చక్రాలు నేల మీద ఉంచి లాగించొద్దు. ఇంజిన్ ఆగితే పంపు తిరగదు, చక్రాలతో పాటు తిరిగే లోపలి భాగాలకు ఆయిల్ అందదు. ముందు చక్రాలు పైకి ఎత్తించండి, కుదిరితే ఫ్లాట్‌బెడ్ లారీ మీదికి ఎక్కించండి.